పదిహేను నిమిషాల పరీక్షను ఏ మేరకు నమ్మాలి?

2020 జూన్ 14న భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, ముక్కులో పుల్ల పెట్టి పావుగంటలో కరోనా సంగతి తేల్చే ర్యాపిడ్ యాంటిజెన్ కిట్‌కు దేశంలో మొదటిసారి అనుమతి ఇచ్చింది. దక్షిణ కొరియాకు చెందిన ఎస్‌డీ బయోసెన్సర్ కంపెనీ హర్యానాలోని మానేసర్‌లో తయారుచేసిన 'స్టాండర్డ్ క్యూ' కిట్ అది. దాని పనితనం గురించి ఆ ఆదేశంలోనే రెండు అంకెలున్నాయి. వైరస్ లేనివాళ్లకు లేదని చెప్పడంలో 99.3 నుంచి 100 శాతం. వైరస్ ఉన్నవాళ్లను పట్టుకోవడంలో 50.6 నుంచి 84 శాతం.

రెండో అంకె దగ్గర ఆగి ఆలోచించాలి. కిట్ ఒకటే, కంపెనీ ఒకటే. పరిశీలించింది ఐసీఎంఆర్, ఎయిమ్స్. అయినా ఒక లెక్కలో వైరస్ ఉన్న ఇద్దరిలో ఒకరు తప్పించుకున్నారు, ఇంకో లెక్కలో ఆరుగురిలో ఒకరు. తేడాకు కారణం వైరల్ లోడ్, అంటే ఒంట్లో వైరస్ ఎంత ఉందన్నది, అని ఐసీఎంఆరే రాసింది. అందుకే ఒక షరతు కూడా పెట్టింది: పాజిటివ్ వస్తే పాజిటివ్‌గానే లెక్కించండి, జ్వరమూ దగ్గూ ఉన్న మనిషికి నెగెటివ్ వస్తే మాత్రం ల్యాబ్‌లో చేసే జన్యుపరీక్ష ఆర్‌టీపీసీఆర్ తప్పకుండా చేయండి. ఈ షరతును రాష్ట్రాలు సరిగా పాటించడం లేదని 2020 సెప్టెంబరు 10న కేంద్ర ఆరోగ్య శాఖ, ఐసీఎంఆర్ కలిసి మళ్లీ లేఖ రాయాల్సి వచ్చింది.

"ర్యాపిడ్ చేయించినాం, నెగెటివే వచ్చింది, ఏం కాదులేన్నా" అనే మాట కర్నూలు, కడప పల్లెల్లో ఇప్పటికీ వినపడుతుంది. ఆ మాట అన్నవాళ్లది తప్పు కాదు. పరీక్ష ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. ముక్కు పుల్ల పరీక్షల మీద ప్రపంచమంతా పోగైన లెక్కలను ఈ రెండు జిల్లాల ఎండలో, దూరాల్లో, పీహెచ్‌సీ గదుల్లో నిలబెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ర్యాపిడ్ పరీక్షకు ఇంత శాతం అని ఒకే కచ్చితత్వం లేదు. జబ్బు ఎన్నో రోజున ఉంది, పుల్ల ఎవరి చేతిలో ఉంది, కిట్ ఎంత వేడిలో ఉంది, ఊళ్లో ఎంతమందికి జబ్బు ఉంది, ఈ నాలుగూ కలిసి దాన్ని ఎప్పటికప్పుడు నిర్ణయిస్తాయి.

ఈ చర్చ కరోనాతో పుట్టింది కాదు. 2009 మేలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది. ఆ ఏడాది అమెరికా సీడీసీ అప్పటి ర్యాపిడ్ ఫ్లూ కిట్లను పరీక్షించి చూస్తే కొత్త హెచ్1ఎన్1ను అవి పట్టుకున్నది 40 నుంచి 69 శాతమే. 2012లో 159 అధ్యయనాలను కలిపి లెక్కకట్టినప్పుడు ఫ్లూ కిట్ల సగటు 62.3 శాతంగా తేలింది. పిల్లల్లో 66.6, పెద్దల్లో 53.9. చిన్నపిల్లలను ఎక్కువగా బాధించే ఆర్‌ఎస్‌వీ విషయంలో ఈ తేడా మరీ పెద్దది. 2015 నాటి సమీక్షలో పిల్లల్లో 81 శాతం పట్టుకున్న పరీక్ష పెద్దల్లో 29 శాతం దగ్గర ఆగిపోయింది. పసిపిల్లల ముక్కులో వైరస్ దండిగా ఉంటుంది, ఎక్కువ రోజులు ఉంటుంది. తాతల ముక్కులో అంత ఉండదు. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ నిబంధనలు బిగించి, ఫ్లూ కిట్ కనీసం 80 శాతం పట్టుకోవాలని తేల్చి చెప్పింది.

2018 అక్టోబరు, నవంబరు నెలల్లో కర్నూలులో స్వైన్ ఫ్లూ మరణాలు వరసగా వార్తలకెక్కాయి. ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తేనే బాగా పనిచేస్తుంది. సగం మందిని వదిలేసే పరీక్షలో నెగెటివ్ వచ్చిందని గర్భిణికో, ఆస్తమా ఉన్న ముసలాయనకో ఆ మందు ఆపితే పోయే రెండు రోజులు తిరిగి రావు. ఫ్లూ తీవ్రంగా ఉన్నప్పుడు పరీక్ష కోసం చూడకుండా మందు మొదలుపెట్టమని వైద్య మార్గదర్శకాలు చెప్పేది ఇందుకే.

2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో అన్ని జిల్లాల కంటే ఎక్కువ కేసులు కర్నూలులోనే ఉండేవి. తొలి వారాల్లో ఇక్కడి నమూనాలు వేరే జిల్లాల ల్యాబ్‌లకు పోయేవి. రిపోర్టు వచ్చేదాకా మనిషి వార్డులోనో క్వారంటైన్‌లోనో ఎదురుచూడాలి. ఆ ఏప్రిల్ 17నే దక్షిణ కొరియా నుంచి లక్ష ర్యాపిడ్ కిట్లు రాష్ట్రానికి వచ్చాయి. అవి ముక్కు పరీక్షలు కావు, వేలి నుంచి రక్తం చుక్క తీసి యాంటీబాడీలు చూసేవి. జబ్బు వచ్చిన వారం పది రోజులకు గాని యాంటీబాడీలు కనపడవు కాబట్టి, ఈ రోజు ఎవరికి వైరస్ ఉందో అవి చెప్పలేవు. అదే నెలలో చైనాకు చెందిన రెండు కంపెనీల యాంటీబాడీ కిట్ల మీద రాజస్థాన్ ఫిర్యాదు చేయడం, ఐసీఎంఆర్ వాటిని వెనక్కి పంపమనడం జరిగాయి. జూన్‌లో యాంటిజెన్ కిట్ వచ్చేసరికి జనంలో 'ర్యాపిడ్' అంటే ఒకరకమైన గందరగోళం అప్పటికే ఉంది. కర్నూలు మెడికల్ కాలేజీలో, కడప రిమ్స్‌లో ఆర్‌టీపీసీఆర్ ల్యాబ్‌లు ఆ ఏడాదే వచ్చినా, ఆదోని నుంచి కర్నూలుకు వంద కిలోమీటర్లు. కోసిగి, మంత్రాలయం వాళ్లకూ దూరమే. ఉన్నచోటనే పావుగంటలో తేలే పరీక్ష ఇక్కడ విలాసం కాదు, అవసరం. దాన్ని తీసిపారేయమనే వాదనతో నేను ఏకీభవించను.

కిట్ పనిచేసే తీరు చూస్తే దాని బలమూ బలహీనతా రెండూ అక్కడే కనిపిస్తాయి. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పెట్టె. లోపల కాగితం లాంటి నైట్రోసెల్యులోజ్ పట్టీ. ముక్కులోంచి తీసిన పుల్లను బఫర్ ద్రవంలో తిప్పి పిండి, మూడు చుక్కలు గుంటలో వేస్తారు. ద్రవం పట్టీ మీద పాకుతూ దారిలో రంగు అంటించిన యాంటీబాడీలను వెంటబెట్టుకుపోతుంది. వైరస్ లోపలి న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్ ఉంటే అది 'టి' గీత దగ్గర చిక్కుకుని రంగు తేలుతుంది. ఇంకాస్త ముందు 'సి' గీత. ఆ గీత వస్తే పరీక్ష సరిగా జరిగినట్టు అని మనకు చెబుతారు. నిజానికి సి గీత చెప్పేది ద్రవం పట్టీ చివరిదాకా పాకిందనీ, రంగు యాంటీబాడీలు పనిచేస్తున్నాయనీ మాత్రమే. పుల్ల ముక్కు లోపలిదాకా పోయిందా, ముక్కు అంచును తాకి వచ్చేసిందా అన్నది దానికి తెలియదు. పుల్లను ముక్కులో పెట్టకుండా నేరుగా బఫర్‌లో ముంచినా సి గీత చక్కగా వస్తుంది. ఆర్‌టీపీసీఆర్‌లో సాధారణంగా ఆర్‌నేజ్ పి లాంటి మనిషి జన్యువును కూడా వెతుకుతారు. అది కనపడకపోతే నమూనా పనికిరాదని తెలుస్తుంది. ర్యాపిడ్ కిట్లలో చాలావాటికి ఆ కాపలా లేదు. భయపడి తల వెనక్కి లాక్కున్న పిల్లవాడికి వచ్చిన నెగెటివ్, నిజంగా వైరస్ లేనివాడికి వచ్చిన నెగెటివ్ చూడటానికి ఒకేలా ఉంటాయి.

చేతి మహిమ ఎంతో బ్రిటన్ లెక్కల్లో ఉంది. 2020 నవంబరులో ఇన్నోవా కిట్ మీద వచ్చిన నివేదికలో ల్యాబ్ శాస్త్రవేత్తలు చేసినప్పుడు పట్టుకున్నది 79 శాతం. శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది చేస్తే 73. సూచనలు చదువుకుని సొంతంగా నేర్చుకున్న మామూలు మనుషులు చేస్తే 58. కిట్ మారలేదు, వైరస్ మారలేదు, చెయ్యి ఒక్కటే మారింది. 2021 మే 19న పుణె కంపెనీ మైల్యాబ్ తయారుచేసిన 'కోవిసెల్ఫ్' ఇంటి కిట్‌కు ఐసీఎంఆర్ అనుమతిచ్చింది. అప్పటి ధర 250 రూపాయలు. పుల్లను రెండు ముక్కు రంధ్రాల్లో రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల లోపలికి పెట్టి, ఒక్కోదాంట్లో ఐదుసార్లు తిప్పాలి. ఎందరు లెక్కపెట్టి ఐదుసార్లు తిప్పుతారు? మన ఏఎన్ఎంలు, ఆశాలు వందల పుల్లలు పెట్టి చేయి తిరిగినవాళ్లు. ఒకే పూటలో యాభై మందికి పుల్ల పెట్టమన్నప్పుడు ఆ చెయ్యి కూడా అలసిపోతుంది.

ఎన్నో రోజున పరీక్షించామన్నది ఇంకా పెద్ద సంగతి. ఈ విషయంలో ఎక్కువగా ఆధారపడదగింది, వైద్య అధ్యయనాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష. 2022లో సవరించిన కూర్పులో 152 అధ్యయనాలున్నాయి. లక్షణాలున్నవాళ్లలో యాంటిజెన్ పరీక్షలు సగటున 73 శాతాన్ని పట్టుకున్నాయి, లక్షణాలు లేనివాళ్లలో 54.7 శాతాన్ని. జబ్బు మొదలైన తొలి వారంలో 80.9, రెండో వారంలో 53.8. అంతకుముందు 2021 కూర్పులో కంపెనీల మధ్య తేడాలు కళ్లు తిప్పేలా ఉన్నాయి. ఒక కిట్ 34 శాతమైతే ఇంకొకటి 88. ఆ 88 శాతం కిట్ మరేదో కాదు, ఎస్‌డీ బయోసెన్సర్ వారి అదే స్టాండర్డ్ క్యూ. ఇక్కడ 50.6, అక్కడ 88. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసంగా పెట్టిన గీటు 80. అంటే ఒకే కిట్ ఒకచోట పాసైంది, ఇంకోచోట తప్పింది.

ఆ 2021 కూర్పులోనే ఇంకో లెక్క. ఆర్‌టీపీసీఆర్‌లో సీటీ విలువ 25 లోపు ఉన్నవాళ్లను, అంటే వైరస్ ఎక్కువ ఉన్నవాళ్లను, ర్యాపిడ్ 94.5 శాతం పట్టుకుంది. అంతకు పైన ఉన్నవాళ్లను 40.7 శాతమే. ర్యాపిడ్‌ను సమర్థించేవాళ్ల ప్రధాన వాదన దీనిమీదే నిలబడింది. ఇతరులకు జబ్బు అంటించేది వైరస్ దండిగా ఉన్నవాళ్లు, ర్యాపిడ్ పట్టుకునేది వాళ్లనే. ఆర్‌టీపీసీఆర్ మాత్రం జబ్బు తగ్గిన వారాల తర్వాత కూడా చచ్చిన వైరస్ ముక్కలను పట్టుకుని పాజిటివ్ అంటుంది. కాబట్టి ఆర్‌టీపీసీఆర్‌ను దేవుడిగా నిలబెట్టి ర్యాపిడ్‌కు మార్కులేయడం అన్యాయమంటారు. ఇందులో సగం నిజముంది. ఇంట్లో నానమ్మకు అంటకుండా చూసుకోవడానికి, హాస్టల్లో ఎవరిని వేరు చేయాలో తేల్చడానికి ర్యాపిడ్ మంచి ఆయుధం. మంచం పట్టిన నానమ్మకే ఎనిమిదో రోజున పరీక్ష చేస్తే ఆ వాదన ఆమెకు అక్కరకు రాదు. ఆమె ముక్కులో వైరస్ తగ్గిపోయి ఉంటుంది, ఊపిరితిత్తుల్లో మాత్రం జబ్బు ముదురుతూ ఉంటుంది. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ దగ్గర నాలుగు రోజులు, మెడికల్ షాపు మాత్రలతో రెండు రోజులు గడిచాకే చాలామంది పెద్దాసుపత్రి మెట్లెక్కుతారు. అంటే ర్యాపిడ్ పరీక్ష బలం తగ్గిపోయే రోజుల్లోనే దాని దగ్గరికి వస్తారు.

ఇక ఎండ. నా దృష్టిలో కర్నూలు, కడపలకు సంబంధించినంత వరకు ఇదే అసలు ప్రశ్న, దీని గురించే అందరికంటే తక్కువ మాట్లాడారు. కిట్ పెట్టె మీద 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని రాసి ఉంటుంది. మే నెలలో కర్నూలులో పగటి వేడి 40 దాటడం మామూలు. కరెంటు పోయిన మధ్యాహ్నం పీహెచ్‌సీ స్టోర్ గదిలో, బైకు వెనక కట్టిన సంచిలో, నీడలేని ఊరి మధ్య శిబిరంలో 30 డిగ్రీలు ఎక్కడినుంచి వస్తాయి? 2021లో జర్మనీ శాస్త్రవేత్తలు 11 రకాల కిట్లను 37 డిగ్రీల్లో పెట్టి చూశారు. పది నిమిషాలు ఆ వేడిలో ఉంచి, అదే వేడిలో పరీక్ష చేస్తే చాలు, ఐదు రకాల్లో పట్టుకునే శక్తి సుమారు పదో వంతుకు పడిపోయింది. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వాడకపు జాబితాలో ఉన్న రెండు కిట్లూ ఆ ఐదింటిలో ఉన్నాయి. మూడు వారాలు 37 డిగ్రీల్లో నిల్వ చేస్తే పదకొండింటిలో ఎనిమిది అలాగే దెబ్బతిన్నాయి. 37 అంటే మనకు ఏప్రిల్ మొదటివారపు మాట.

ఆంధ్రప్రదేశ్‌లో రెండో వేవ్ శిఖరానికి చేరింది 2021 మే మధ్యలో. మే 16న ఒక్కరోజే 24 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. కిట్ల అవసరం ఎక్కువగా ఉన్న వారాలు, అవి అన్నిటికంటే బలహీనంగా ఉండే వారాలు ఒకటే అయ్యాయి. ఎండ తప్పుడు నెగెటివ్‌లను పెంచుతుంది. పొడిగాలి ఇంకో చిక్కు తెస్తుంది. పట్టీని 15 నుంచి 30 నిమిషాల మధ్య చూడాలి. ఆ తర్వాత ఆరిపోయిన పట్టీ మీద కనపడే సన్న గీతను నమ్మకూడదు. బారు పెద్దదైతే పట్టీలను వరసగా పేర్చి గంటకు ఒకసారి చూసే అలవాటు వస్తుంది. అది మానాల్సిన అలవాటు.

అదే మేలో 'కర్నూలు వేరియంట్' భయం కూడా మొదలైంది. ఎన్440కే అనే మార్పు కర్నూలులో ముందుగా కనిపించిందని పత్రికలు రాశాయి. ఆ రకం తగ్గిపోతోందని, వేరే రకాలు దాని స్థానంలోకి వస్తున్నాయని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు స్పష్టం చేశారు. దానివల్ల ర్యాపిడ్ పరీక్షలు తప్పుతున్నాయన్న అనుమానానికి మాత్రం ఆధారం లేదు. ఆ మార్పు వచ్చింది వైరస్ పైనుండే స్పైక్ ప్రోటీన్‌లో. కిట్ వెతికేది లోపలి న్యూక్లియోక్యాప్సిడ్‌ను. నెగెటివ్‌లకు కారణం వైరస్ మారువేషంలో కాదు, రోజులోనూ చేతిలోనూ వేడిలోనూ వెతకాలి.

నాలుగోది ఊరి లెక్క. కాక్రేన్ అంకెలనే తీసుకుని కాగితం మీద వేసి చూద్దాం. ఉధృతి రోజుల్లో ఒక పీహెచ్‌సీకి జ్వరంతో వెయ్యి మంది వచ్చారు, వాళ్లలో 500 మందికి నిజంగా వైరస్ ఉంది అనుకుందాం. 73 శాతం చొప్పున 365 మంది దొరుకుతారు, 135 మంది తప్పించుకుంటారు. వైరస్ లేని 500 మందిలో తప్పుడు పాజిటివ్‌లు నాలుగైదు. అంటే పాజిటివ్ వస్తే దాదాపు నిజమే. నెగెటివ్ చీటీ పట్టుకుని ఇంటికి పోయిన 630 మందిలో మాత్రం 135 మందికి వైరస్ ఉంది, ఐదుగురిలో ఒకరికి. ఇప్పుడు జబ్బు అణిగిన నెలల్లో ఏ లక్షణాలూ లేని పదివేల మందికి పరీక్ష చేశామనుకుందాం, వాళ్లలో 50 మందికే వైరస్ ఉంది. పట్టుబడేది 27 మంది. లేని 9,950 మందిలో వెయ్యికి ముగ్గురు చొప్పున 30 మందికి ఊరికే పాజిటివ్ వస్తుంది. మొత్తం 57 పాజిటివ్‌లలో సగానికి పైగా అబద్ధం.

'పాజిటివ్ అయితే పాజిటివే' అన్న 2020 జూన్ నాటి నియమం ఆ రోజులకు సరైనదే. అన్ని కాలాలకూ అది చెల్లదు. ఉధృతి ఉన్నప్పుడు నెగెటివ్‌ను అనుమానించాలి, అణిగినప్పుడు పాజిటివ్‌ను మరోసారి చూసుకోవాలి. అధికారులు ఏడాది పొడుగునా ఒకే సర్క్యులర్‌తో పని నడపడం ఈ లెక్క ముందు నిలవదు.

ఒక కిట్ అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుందన్నది కూడా మరచిపోతుంటాం. 2025 జనవరిలో బెంగళూరులో ఇద్దరు పసివాళ్లలో హెచ్‌ఎంపీవీ అనే శ్వాస వైరస్ బయటపడినప్పుడు పొరుగు రాష్ట్రమైన మన దగ్గరా కలవరం రేగింది. కరోనా కిట్‌లో నెగెటివ్ వచ్చిందంటే హెచ్‌ఎంపీవీ లేదనీ కాదు, ఫ్లూ లేదనీ కాదు. బేతంచెర్ల పలకల పాలిష్ యూనిట్ల దుమ్ములో పనిచేసేవాళ్ల దగ్గుకైతే ముందు వెతకాల్సింది క్షయ, సిలికోసిస్.

మధ్యేమార్గం ఒకటి మన చేతిలోనే ఉంది. గోవా కంపెనీ మోల్‌బయో క్షయ కోసం తయారుచేసిన ట్రూనాట్ యంత్రం చిన్నది, బ్యాటరీతో నడుస్తుంది, గంట ప్రాంతంలో జన్యుపరీక్ష ఫలితం ఇస్తుంది. 2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ దాన్ని కరోనా స్క్రీనింగ్‌కు ఒప్పుకుంది, మేలో నిర్ధారణకు కూడా. ఆంధ్రప్రదేశ్ దాన్ని ముందే అందిపుచ్చుకుని విరివిగా వాడింది. ఆదోని, జమ్మలమడుగు, బద్వేలు వంటి చోట్ల లక్షణాలుండి ర్యాపిడ్ నెగెటివ్ వచ్చినవాళ్ల నమూనాను అక్కడికక్కడే ట్రూనాట్‌లో చూడగలిగితే, రోగి కర్నూలు రిపోర్టు కోసం ఎదురుచూడాల్సిన పని తప్పుతుంది.

కర్నూలు మెడికల్ కాలేజీ, కడప రిమ్స్ పెద్దలకు ఒక విన్నపం. ర్యాపిడ్ కిట్‌ను మన ఎండలో, మన ఏఎన్ఎంల చేతుల మీదుగా, మన పీహెచ్‌సీ గదుల్లో ఆర్‌టీపీసీఆర్‌తో జతగా పరీక్షించి ఫలితాలు ప్రకటించండి. డిసెంబరులో ఒకసారి, మేలో ఒకసారి. పట్టుకునే శక్తి 70 శాతం దగ్గర ఉందనుకుంటే దాన్ని ఐదు శాతం అటూ ఇటుగా తేల్చడానికి సుమారు 320 మంది నిజమైన పాజిటివ్‌లు చాలు. ల్యాబ్‌లున్నాయి, పీజీ విద్యార్థులున్నారు, రోగులు రోజూ వస్తూనే ఉన్నారు. ఈ రెండు జిల్లాలు 2022 ఏప్రిల్‌లో నాలుగయ్యాయి కాబట్టి నంద్యాల, అన్నమయ్య కూడా ఇందులో కలవాలి. జిల్లా వైద్యాధికారులు ఈలోపు కిట్ల పెట్టెలను స్టోర్ గదిలోంచి తీసి టీకాల గదికి, అక్కడ ఏసీ ఉంటే, మార్చినా మేలే. పెట్టె పక్కన ఒక థర్మామీటర్ వేలాడదీయడానికి బడ్జెట్ అక్కర్లేదు.

ఇది చదువుతున్న మీరు జ్వరం, దగ్గు మొదలైన తొలి మూడు నాలుగు రోజుల్లోనే పరీక్ష చేయించుకోండి. నెగెటివ్ వచ్చినా లక్షణాలు తగ్గకపోతే 48 గంటల తర్వాత మరోసారి చేయించండి, లేదా ఆర్‌టీపీసీఆర్ అడగండి. అప్పటిదాకా ఇంట్లో పెద్దవాళ్లకు దూరంగా ఉండండి. ఆయాసం వచ్చినా, ఆక్సీమీటర్‌లో అంకె 94కు దిగువకు పడినా చేతిలో ఉన్న నెగెటివ్ చీటీని పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.